పదకొండు పచ్చచుక్కలు

జూన్ 22

బాబాయికి నమస్కారాలు.

ఈ ఉత్తరం ఇవాళే రాయాలి. మూడు వారాల్లో నా క్లాసు ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది. తేల్చేది మీ వీధిలోని పదకొండు మంది పిల్లలు. వాళ్ళలో నా చెల్లి, మన పిచ్చుక ఒకతె. ఫోన్ చేసి చెప్పొచ్చు కానీ, నీ గొంతు వింటే ఏడ్చేస్తానని భయం. ఉత్తరమైతే కాస్త పద్ధతిగా చెప్పగలను.

మీ బడిలో ఏడో తరగతికి లెక్కల టీచరు లేక ఆ పాఠం మా కంపెనీకి అప్పగించారు కదా. బడి ఒంటిగంటకి వదిలాక, రెండు నుంచి మూడు దాకా నేను ఇక్కడ చెబుతాను, పిల్లలు ఇళ్ళలో ఫోన్ల మీద వింటారు. వింటారనే అనుకుంటున్నాను. వీడియో తెరిస్తే సిగ్నల్ చాలట్లేదని వాళ్ళ వైపు మూసేశారు. నాకు వాళ్ళు కనపడరు, వినపడరు. నా తెర మీద పదకొండు చుక్కలుంటాయి, ఒక్కోదాని పక్కన ఒక పేరు. ఏడు నిమిషాలకోసారి వాళ్ళ ఫోన్లలో చిన్న గంట మోగి 'ఉన్నారా?' అని పెట్టె ఒకటి వస్తుంది. దాని కింద బటన్ నొక్కితే చుక్క పచ్చగా ఉంటుంది. నొక్కకపోతే ఎర్రబడుతుంది. నిన్న మూడయ్యేసరికి పదకొండులో ఎనిమిది ఎర్రవి. జవాబులు టైపు చేయమంటే ఈ రెండు వారాల్లో వచ్చినవి రెండు. ఒకటి 'టీచర్ వినపడట్లేదు'. రెండోది 'టీచర్ అయిపోయిందా'.

నేను చెప్పే గది నువ్వు చూస్తే అల్మరా అనుకుంటావు. రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. శబ్దం రాకుండా గోడలకి నల్ల స్పాంజి అంటించారు. ఫ్యాన్ వేస్తే మైకులో మోత, అందుకని వేయరు. క్లాసు నడుస్తున్నంతసేపూ బయట ఎర్ర బల్బు వెలుగుతుంది, అది ఆరేదాకా తలుపు తెరుచుకోదు. మేముండే హాస్టలు అదే భవనంలో పై అంతస్తు. మెట్లు దిగితే పని, ఎక్కితే మంచం. రోడ్డు మీద కాలు పెట్టి తొమ్మిది రోజులైంది.

మా మేనేజర్ని అందరం గడియారం సారు అంటాం, మాట్లాడుతూ మాట్లాడుతూ మణికట్టు చూసుకుంటాడు కాబట్టి. మూడు వారాల్లోగా నూటికి ఎనభై పచ్చచుక్కలు రాకపోతే నా క్లాసు తీసేసి, పిల్లల్ని మూడొందల మందిని కూర్చోబెట్టే పెద్ద క్లాసులో కలిపేస్తానన్నాడు. అక్కడ చెప్పేవాళ్ళు ఉండరు, పాత వీడియో తిరుగుతూ ఉంటుంది.

మన ఇంట్లో మొదట బడి మెట్లెక్కింది నేను. ఆ రోజు ఫారం నింపమంటారని భయపడి నాన్న గేటు బయటే ఆగిపోతే, లోపలికి నా చెయ్యి పట్టుకుని నడిచింది నువ్వు. పిచ్చుకకి లెక్కలు నేనే చెప్పాలని నా కోరిక. ఎలాగైనా ఆ బటన్ నొక్కేలా చూడు బాబాయ్. ఎలాగైనా.

నీ అమ్మాయి


జూన్ 30

చిరంజీవి అమ్మాయికి బాబాయి దీవెనలు.

నీ ఉత్తరం పుస్తకాల కుట్టు పని పక్కన పెట్టి రెండుసార్లు చదివాను. నా రాత సంగతి నీకు తెలుసు. బైండింగుకొచ్చిన పుస్తకాల పేజీలు వరస తప్పకుండా పేర్చడానికి అంకెలు నేర్చుకున్నాను, వాటి వెనకే అక్షరాలూ వచ్చాయి. తప్పులుంటే టీచరమ్మవి నువ్వే దిద్దుకో.

పిల్లల్ని మన షాపుకి రమ్మన్నాను. ఇక్కడ సిగ్నల్ బాగుంటుంది, ప్లగ్గులున్నాయి. పదకొండు ఫోన్లూ కటింగ్ మిషను పక్క బల్ల మీద అట్టలకి ఆనించి వరసగా నిలబెట్టాను. పావుగంట బుద్ధిగా కూర్చున్నారు. తర్వాత ఒకడికి దాహం, ఒకతెకి కాలు తిమ్మిరి. మన పిచ్చుకైతే, "నాన్నా, అక్క ఇంట్లో ఉంటే ఎన్ని జోకులేస్తుందో, ఇందులో వార్తలు చదువుతున్నట్టుంది" అంది. నోర్ముయ్యమన్నాను. కానీ తల్లీ, నాకూ అలాగే అనిపించింది.

ఇంకొకటి, కోప్పడకు. నువ్వు "అర్థమైందా?" అని అడిగి, అవతలివాడు నోరు తెరిచేలోపే "సరే" అనేస్తున్నావు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి కుట్టు నేర్పేటప్పుడు నేను సూది ఇచ్చేసి చేతులు వెనక్కి పెట్టుకుంటాను. వంకరగా కుట్టినా, వేలికి గుచ్చుకున్నా ఊరుకుంటాను. లేకపోతే నేను కుట్టినట్టే కదా.

చుక్కల గురించి బెంగ పెట్టుకోకు. అవి నా పూచీ. గంట మోగితే ఒక్క ఫోనూ తప్పిపోనివ్వను.

మీ పిన్ని మోకాలు అలాగే ఉంది. నువ్వు చిక్కిపోయావంటోంది. ఉత్తరంలో నీకెలా తెలిసిందే అంటే, అక్షరాలు సన్నబడ్డాయిగా అంది.

బాబాయి


జులై 19

బాబాయ్,

పదకొండూ పచ్చవి. పదమూడు రోజుల నుంచి ఒక్కటీ ఎర్రబడలేదు. గడియారం సారు నా తెర ముందు నిలబడి చేతి గడియారం చూసుకోవడం మర్చిపోయాడు. నా క్లాసు ఉంటుందని శుక్రవారం చెప్పేశాడు.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. ప్రశ్న అడిగి, నా చేతులు నేనే వెనక్కి పట్టుకుని, మనసులో పది లెక్కపెడుతున్నాను. ఆ అల్మరాలో పది అంకెలు ఎంతసేపో నీకు తెలియదు. మొదట్లో నా గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇప్పుడు ఆ పది పూర్తయ్యేలోపే పిచ్చుక పేరుతో జవాబు వస్తోంది. వార్తలు చదవడం కూడా మానేశాను. పిల్లలందర్నీ కాగితం తెచ్చుకుని నాతోపాటు మడతపెట్టమంటున్నాను.

మొన్న ముప్పావులో సగం ఎంత అని అడిగాను. పిచ్చుక ఏం రాసిందో చూడు: "కాగితం నాలుగు భాగాలుగా మడిచి మూడింటికి రంగెయ్యాలి. ఇంకో మడత పెడితే ఎనిమిది భాగాలు, రంగున్నవి ఆరు. ఆరులో సగం మూడు. కాబట్టి ఎనిమిదిలో మూడు." పన్నెండేళ్ళ పిల్ల. డిగ్రీ చదివిన నాకు ఇంత తేటగా చెప్పడం రాలేదు. అందరికీ చదివి వినిపించి, "పిచ్చుకా, లేచి నిలబడు, నీకు చప్పట్లు" అని ఒక్కదాన్నే ఆ గదిలో చప్పట్లు కొట్టాను. అది లేచి నిలబడిందా? సిగ్గుపడిందా? రాయి.

నీ అమ్మాయి


ఆగస్టు 2

అమ్మాయికి దీవెనలు.

నీ క్లాసు నిలబడింది. మాకు అంతకన్నా ఏం కావాలి. మీ పిన్ని వీధంతా చెప్పుకొచ్చింది.

చప్పట్లప్పుడు లేచి నిలబడ్డమాట నిజమే. ఆ జవాబు గురించి నీకొక మాట చెప్పాలి. ఎదురుగా ఉన్నప్పుడు చెబుతాను, రాస్తే బాగుండదు.

ఇక్కడ పని జోరుగా ఉంది. ఎవరిదో పాత నిఘంటువు వచ్చింది, వీపంతా ఊడిపోయి, 'క'లో సగం ఎలుకలు తిన్నాయి. మిగతాది కుట్టి ఇస్తే చాలన్నాడాయన. ఇక మీదట ఆయనకి 'క'తో పని పడకూడదు మరి.

ఒక సందేహం. భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని తలకిందులు చేసి గుణించమన్నావు. ఎందుకు తలకిందులు చేయాలో చెప్పలేదు. బుధవారం చెబుతానన్నావు, బుధవారం వేరే పాఠం మొదలుపెట్టేశావు. ఇక్కడ అడుగుతున్నారు.

బాబాయి


ఆగస్టు 29

బాబాయ్,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ముందు పిల్లల సందేహం తీరుస్తాను. ఇలా అడిగే క్లాసు దొరకడం నా అదృష్టం. అర కాగితంలో పావు కాగితాలు ఎన్నొస్తాయో అడుగు. రెండు అంటారు. ఎలా వచ్చిందో అడుగు. నిండు కాగితంలో పావులు నాలుగు, అర కాగితంలో దానిలో సగం. అంటే నాలుగుతో గుణించి చూశాం. తలకిందులు చేయడమంటే అంతే, ఒక నిండు కాగితంలో అలాంటి ముక్కలెన్నో ముందు చూసుకోవడం. బుధవారం ఎగ్గొట్టినందుకు నా తరఫున క్షమించమని చెప్పు.

ఇక నా సంగతులు. గడియారం సారు మన వీధి లెక్కలు పెద్ద తెర మీద వేసి అందరికీ చూపించాడు. "ఏడు నిమిషాలకోసారి అడిగితేనే ఇంత శ్రద్ధ వచ్చింది, నాలుగు నిమిషాలకోసారి అడిగితే?" అన్నాడు. సెప్టెంబరు పది నుంచి అన్ని క్లాసుల్లోనూ నాలుగు నిమిషాల గంట పెడుతున్నారు. మా సైన్సు టీచరు నాతో భోజనానికి రావడం మానేసింది. "నీ పుణ్యమా అని మేమంతా నాలుగు నిమిషాలకోసారి పాఠం మధ్యలో ఆపాలి" అంది. చుక్కల వల్ల కాదు, ఆగి వినడం వల్ల, కాగితాల వల్ల అని చెప్పబోయాను. వినలేదు.

నన్ను ఇంకో మూడేళ్ళు ఇక్కడే ఉండమంటున్నారు. సంతోషించాలి కదా. ఆ మాట విన్నాక మెట్లు దిగి వీధి గేటు దాకా వెళ్ళి, గేటు పట్టుకుని కాసేపు నిలబడి, రెండు గంటల క్లాసుకి వేళైందని తిరిగొచ్చేశాను.

సెప్టెంబరు ఇరవై ఒకటిన కంపెనీ ప్రచారం కోసం మీ వీధికి వీడియో తీసేవాళ్ళొస్తారు. పిల్లల చేత నాలుగు లెక్కలు చేయిస్తారు. శుభ్రమైన బట్టలు వేసుకోమను. పిచ్చుకని ముందు నిలబెట్టు.

నీ అమ్మాయి


సెప్టెంబరు 8

అమ్మాయికి బాబాయి రాయునది.

ఇది చదివే ముందు కూర్చో.

పిల్లలు క్లాసు వినట్లేదు తల్లీ. జులై మొదటి వారం నుంచీ వినట్లేదు. బటన్లు నొక్కింది నేను. పదకొండు ఫోన్లూ నా ముందు పెట్టుకుని, గంట మోగగానే వరసగా నొక్కుకుంటూ పోయేవాణ్ణి. పిచ్చుక పేరుతో వచ్చిన జవాబులూ నావే. నువ్వు చప్పట్లు కొట్టినప్పుడు లేచి నిలబడింది కూడా నేనే, చేతిలో జిగురు కుంచెతో.

ఎలా మొదలైందంటే, రెండో వారంలో పిల్లల గోల పడలేకపోయాను. "ఫోన్లు ఇక్కడ పెట్టి పోండి, ఆడుకోండి, ఇవాళ్టికి నేను నొక్కుతాలే" అన్నాను. ఒక్క రోజనే అనుకున్నాను. ఎలాగైనా అని నువ్వు రెండుసార్లు రాశావు కదా. నేను నొక్కకపోతే నీ క్లాసు పోతుందని నాకు నేను చెప్పుకున్నాను.

అది సగం నిజం. మిగతా సగం కూడా రాస్తాను. మూడో రోజు పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. నేనే పంపించేశాను. వాళ్ళుంటే నాకు నీ పాఠం వినపడదు. యాభై రెండేళ్ళొచ్చాయి. నన్ను ఉద్దేశించి ఎవరూ ఎప్పుడూ పాఠం చెప్పలేదు. నువ్వు అడిగి ఆగుతున్నావే, ఆ ఆగినంతసేపూ నా కోసమే ఆగినట్టుండేది. రెండెప్పుడవుతుందా అని పొద్దుటి నుంచీ చూసేవాణ్ణి. రోజుకో గంట పిల్లల చదువు నేను తినేశాను.

బడిలో కాగితం మీద రాసే పరీక్ష పెట్టారు. పిచ్చుకకి యాభైకి నాలుగు. మిగతావాళ్ళవీ అటూ ఇటూ అంతే. ఆ పేపరు మీ పిన్నికి కనపడకుండా అట్టల కింద పెట్టాను. పిచ్చుక అడిగింది, "నాన్నా, నువ్వు నొక్కుతున్నావుగా, నాకు మార్కులెందుకు రాలేదు?" అని. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

వీడియోవాళ్ళ గురించి భయపడకు. నాలుగు లెక్కలూ జవాబులూ పిల్లలకి బట్టీ పట్టిస్తున్నాను. ఆ రోజుకి అప్పజెప్పేస్తారు. నీకు మాట రానివ్వను.

బాబాయి


సెప్టెంబరు 12

బాబాయ్,

నీ ఉత్తరం నిన్న అందింది. కూర్చునే చదివాను.

నీ మీద కోపం తెచ్చుకోవాలని నిన్నంతా ప్రయత్నించాను. వస్తుంది, జిగురు కుంచె దగ్గరికొచ్చేసరికి పోతుంది. మళ్ళీ పిచ్చుక అడిగిన మాట దగ్గర వస్తుంది. ఎలాగైనా అని రాసింది నేను. పిల్లలకి అర్థమయ్యేలా చూడమని అడగలేదు, బటన్ నొక్కేలా చూడమని అడిగాను. నువ్వు నేనడిగింది చేశావు. బళ్ళో మా టీచర్లు వందసార్లు రాయమంటే వందసార్లు రాసేదాన్ని, ఎందుకని అడిగేదాన్ని కాదు. ఆ బుద్ధి ఇంకా పోయినట్టు లేదు.

నా పాఠం పనిచేసింది బాబాయ్. అది మాత్రం అబద్ధం కాదు. వినాలని కూర్చున్న ఒక్క మనిషి మీద పనిచేసింది. కానీ ఆ కుర్చీ పిచ్చుకది.

పొద్దున్నే గడియారం సారు దగ్గరికెళ్ళి అంతా చెప్పాను. ఆయన కంప్యూటర్ తిప్పి చూపించాడు.

"ఇక్కడ పదకొండు మంది ఉన్నారమ్మా. నూటికి నూరు."

"నొక్కింది ఒక్కరే సార్. మా బాబాయి."

"బాబాయి నొక్కితే బాబాయి పేరు రావాలిగా? పిల్లల పేర్లొచ్చాయి."

"పిల్లలకి పరీక్షలో యాభైకి నాలుగొచ్చాయి సార్."

"అది బడి పరీక్ష. మనకి సంబంధం లేదు. నువ్వు అలిసిపోయావు. వెళ్ళి పడుకో."

బాగోలేని క్లాసు గురించి ఎవరేం చెప్పినా ఇక్కడ నమ్ముతారు. బాగున్న క్లాసు బాగోలేదంటే నమ్మడం వాళ్ళకే నష్టం. మూడు నెలల క్రితం ఎర్రచుక్కలు నన్ను బయటికి గెంటబోయాయి. ఇప్పుడు పచ్చచుక్కలు బయటికి పోనివ్వట్లేదు.

ఇరవయ్యో తేదీ పొద్దున పదిన్నరకి నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. ఈ పదకొండు మందీ భిన్నాలు పూర్తిచేశారని అందులో ఉంటుంది. సంతకం పడగానే పిల్లల్ని పై పాఠాలకి ఎక్కించేస్తారు, కింద పాఠాలకి తాళం పడుతుంది. మళ్ళీ వెనక్కి రావడానికి వీల్లేదు. పావు అంటే ఏమిటో తెలియని పిల్లలకి ఇక వచ్చేవన్నీ దాని మీద కట్టినవే. పిచ్చుక తనకి లెక్కలు రావనుకుంటుంది. తనకి ఎవరూ చెప్పలేదని దానికెప్పటికీ తెలియదు. నేను సంతకం పెట్టను. కానీ నేను పెట్టకపోతే నా బదులు పెట్టడానికి మనిషి ఉన్నాడని కూడా ఇవాళే చెప్పారు. నా మాట ఒక్కటే ఉంటే ఆ కాగితం ఆగదు.

అందుకని నీ రాత కావాలి. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా నొక్కావో, ఎందుకు నొక్కావో, జవాబులు ఎవరు రాశారో, నీ చేత్తో రాసి కింద సంతకం పెట్టు. అట్టల కింద దాచిన పేపరు కూడా జతచెయ్యి. ఫోన్లో ఫొటో తీసి పంపొద్దు, ఫోన్లో వచ్చింది ఏదైనా మార్చొచ్చంటాడు ఆయన. ఆ కాగితం నేను ఆయనకి ఒక్కడికే ఇవ్వను. ఒకటి మీ బడి హెడ్మాస్టరుకి కూడా పంపుతాను.

దీనివల్ల ఏమవుతుందో దాచను. నా క్లాసు పోవచ్చు. పిల్లల తల్లిదండ్రులు షాపు ముందుకొచ్చి నిలదీస్తారు. పిన్ని నీతో మాట్లాడదు. పిచ్చుక మనిద్దరితోనూ మాట్లాడదు కొన్నాళ్ళు. అది న్యాయమే.

క్లాసు నిలిస్తే ఎలా చెప్పాలో ఆలోచించి పెట్టుకున్నాను. గంట వద్దు, బటన్ వద్దు. నలుగురేసి పిల్లల్ని, పావుగంట చొప్పున, ఫోన్లో మామూలుగా మాట్లాడిస్తాను. వాళ్ళు కాగితం మడిచి నాకు చెప్పాలి, నేను వినాలి. తప్పు చెప్పినా మధ్యలో అడ్డుపడను. వాళ్ళ గొంతులు వినపడితే చాలు, చుక్కలతో పనిలేదు. క్లాసు పోతే, సెలవు పెట్టి వచ్చి నీ షాపులోనే కూర్చోబెట్టి చెబుతాను. అప్పుడు నువ్వూ కూర్చో, కానీ అందరికన్నా వెనక.

ఒకటి మాత్రం ఇవాళే ఆపెయ్యి. పిల్లల చేత ఆ నాలుగు జవాబులు బట్టీ పట్టించొద్దు. వీడియోవాళ్ళొచ్చి అడిగితే రాదని చెప్పమను. రాదని చెప్పడం తప్పు కాదని నువ్వు చెబితే నమ్ముతారు.

ఈ ఉత్తరం నీకు పదిహేనున అందుతుంది. ఆ రోజే రాసి పోస్టులో వేస్తే పద్దెనిమిదికి నా చేతికొస్తుంది. సిగ్గుగా ఉంటుందని తెలుసు. అక్షరాలు వంకరగా వచ్చినా దిద్దుకుంటూ కూర్చోకు, తిరగరాయకు. నీకు ఇష్టం లేకపోతే ఆ మాటైనా రాయి, ఖాళీగా ఊరుకోవద్దు. ఇక్కడ ఖాళీని చూసి వాళ్ళకి కావలసింది రాసేసుకుంటారు. పద్దెనిమిదో తేదీ లోపు నీ జవాబు నాకు కావాలి.

నీ అమ్మాయి